గుద్దిన బండి కొనొచ్చా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్‌గా, అంటే బాగుచేయించడం దండగని తేల్చేసిన 2021 మోడల్ పెట్రోల్ చిన్న కారు ఒకటి బేరానికొచ్చింది. ముందువైపు గట్టిగా గుద్దుకుంది, రెండు ఎయిర్‌బ్యాగులూ తెరుచుకున్నాయి. 1.90 లక్షలు అడుగుతున్నారు. దెబ్బ తగలని ఇదే మోడల్ మా దగ్గర 5.20 లక్షలు పలుకుతోంది. 1.60 లక్షల్లో రోడ్డెక్కిస్తానని మా మెకానిక్ భరోసా ఇస్తున్నాడు. లక్షన్నర పైనే మిగులుతుందిగా, కొనెయ్యమంటారా? – తెనాలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మిగలదండీ. ఆ ధరకు కొంటే చేతి డబ్బులు వదులుతాయి. మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు, లెక్క సగంలో ఆపాడంతే.

ముందు దెబ్బలో కంటికి కనబడే సామాను బోనెట్, రెండు ఫెండర్లు, బంపర్, దాని వెనకాల ఇనుప బీమ్, హెడ్‌లైట్లు, రేడియేటర్ ముందుండే సపోర్ట్ ప్యానెల్, రేడియేటర్, ఏసీ కండెన్సర్, ఫ్యాన్, ముందు అద్దం. చిన్న కారుకు ఇవన్నీ కలిపి 57 వేలు అనుకుందాం. టింకరింగ్ కూలి 25 వేలు. ఆరు ప్యానెళ్లకు పెయింటింగ్, ఒక్కోదానికి 4 వేల చొప్పున 24 వేలు. ఏప్రాన్లు, అంటే ఇంజన్ పక్కల ఉండే రేకు గోడలు సాగదీసి నిలబెట్టడానికి 20 వేలు. ముందు చక్రాలను పట్టుకునే లోయర్ ఆర్ములు, స్ట్రట్లు (షాక్ అబ్జార్బర్లు), అవి బిగించే సబ్‌ఫ్రేమ్‌కు 25 వేలు. ఇక్కడికి 1.51 లక్షలు. మీ మెకానిక్ లెక్క ఇంచుమించు ఇక్కడే ఆగింది.

తెరుచుకున్న రెండు బ్యాగులు, వాటి కంట్రోల్ యూనిట్, ముందు సీట్ల బెల్టులు, స్టీరింగ్ కింద తిరిగే క్లాక్ స్ప్రింగ్, చిరిగిన డ్యాష్‌బోర్డ్ కలిపి 85 వేలు. స్టీరింగ్ ర్యాక్ 25 వేలు. ఏసీకి డ్రయ్యర్, వ్యాక్యూమ్, గ్యాస్‌తో రెండున్నర వేలు. రికవరీ వ్యాన్ 5 వేలు, కాగితాల ఖర్చు 10 వేలు. మొత్తం 2.78 లక్షలు దాటింది. బండి విప్పాక బయటపడే వాటికోసం అందులో ఐదో వంతైనా పక్కన పెట్టుకోవాలి. అంటే రిపేరుకే సుమారు 3.34 లక్షలు. మోడల్‌ని బట్టి అంకెలు మారతాయి, లెక్కకట్టే పద్ధతి మారదు.

ఇక అమ్మేటప్పటి సంగతి. యాక్సిడెంట్ బండి అని తెలిశాక 5.20 లక్షల కారుకు 3.90 లక్షలకు మించి ఎవరూ ఇవ్వరనే లెక్క వేసుకోండి, నాలుగో వంతు తరుగు తప్పదు. 3.90 లోంచి 3.34 తీసేస్తే 56 వేలు. ఈ బండికి మీరివ్వగల ధర అది. 1.90 లక్షలకు తీసుకుంటే రోడ్డెక్కేసరికి 5.24 లక్షలవుతుంది. ఆ డబ్బుతో దెబ్బ తగలని కారే వచ్చేస్తుంది, పైగా రెండు నెలలు షెడ్డు చుట్టూ తిరిగే పని కూడా ఉండదు.

ధర దిగొచ్చినా సరే, అసలు చూడాల్సింది దెబ్బ ఎంత లోపలికి పోయిందన్నది. బోల్టు విప్పితే ఊడొచ్చే భాగం ఎంత నుజ్జయినా భయం లేదు, కొత్తది బిగించుకుంటాం. వెల్డింగుతో అతికిన భాగం కొంచెం వంగినా ఆలోచించాల్సిందే. ఇప్పటి చిన్న కార్లకు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ఇంజన్‌కు రెండు పక్కలా ముందుకు పొడుచుకొచ్చే లాంగ్ మెంబర్లు, వాటి పైన ఏప్రాన్లు, ఇంజన్‌కూ కాళ్లు పెట్టుకునే చోటుకూ మధ్య ఉండే ఫైర్‌వాల్, తలుపుల దగ్గర పిల్లర్లు అన్నీ ఒకే ముద్ద. లాంగ్ మెంబర్ మొదట్లో, బంపర్ బీమ్ దగ్గర నలిగితే ఆ ముక్క మార్చొచ్చు. ఫైర్‌వాల్ దాకా పాకితే, డ్రైవర్ కాళ్ల దగ్గర కార్పెట్ ఎత్తినప్పుడు రేకు ముడతలు కనబడితే, పెడల్ బ్రాకెట్ వెనక్కి జరిగితే 20 వేలకిచ్చినా వద్దు.

మీరే టేపు పట్టుకుని కొలవండి. ఎడమ స్ట్రట్ పైన బోల్టు నుంచి కుడివైపు ఫైర్‌వాల్ మూల బోల్టుకు ఒక కొలత. కుడి స్ట్రట్ నుంచి ఎడమ మూలకు ఇంకొకటి. చాలా కార్లకు కంపెనీ ఒప్పుకునే తేడా 3 మిల్లీమీటర్లే. తేడా సెంటీమీటర్ దాటితే గొలుసేసి లాగినా పూర్తిగా వెనక్కి రావడం కష్టం. ఇంకో గుర్తు: ఒంపు తిరిగిన రేకును లాగి సరిచేయొచ్చు, పదునుగా మడత పడిన రేకును ముక్క కోసి మార్చాల్సిందే. మడత విప్పితే అక్కడ లోహం అలిసిపోయి ఉంటుంది, మళ్లీ దెబ్బ తగిలితే ముందు విరిగేది అదే. షెడ్డు వాళ్లు గ్యాస్ మంట పెట్టి ఎర్రగా కాల్చి వంచుతామంటే ఒప్పుకోకండి. పిల్లర్లకు, మెంబర్లకు వాడేది గట్టి రకం ఉక్కు. కాల్చగానే ఆ గట్టిదనం పోతుంది.

ఇంజన్‌ని స్టార్ట్ చేసి చూపిస్తామంటారు. రేడియేటర్ పగిలిన బండిని నడిపితే ఇంజన్ వేడెక్కి, దాని పైభాగం కింద ఉండే హెడ్ గాస్కెట్ పోవచ్చు. అందుకే స్టార్ట్ చేయకుండా ఇంజన్ పక్కన బెల్టు తిరిగే క్రాంక్ పుల్లీకి స్పానర్ పెట్టి చేత్తో రెండు చుట్లు తిప్పించండి. ఎక్కడా పట్టకూడదు. ఇంజన్, గేర్‌బాక్స్ మౌంటింగ్ చెవులు టార్చి వేసి చూడండి. గేర్‌బాక్స్ పైపెట్టె అల్యూమినియం, సన్నగీత పగులున్నా ఆయిల్ కారుతుంది, కొత్తది వేయాలంటే మీ లెక్కంతా తారుమారవుతుంది.

డబ్బులివ్వడానికి ముందు కాగితాలు. రవాణా శాఖ ఆన్‌లైన్‌లో ఆర్‌సీ స్థితి చూడండి. రద్దయిందని ఉంటే ఆ బండి తుక్కే, ఎంత బాగుచేసినా రోడ్డెక్కదు. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం ఎప్పటికీ వాడుకకు పనికిరాకుండా పోయిన బండి సంగతి యజమాని 14 రోజుల్లో ఆర్‌టీఏకి చెప్పి ఆర్‌సీ అప్పగించాలి. ఇక్కడే ఒక దొంగ వ్యాపారం నడుస్తుంది: టోటల్ లాస్ బండి కాగితాలు కొని, ఆ ఛాసిస్ నంబర్‌ను అదే మోడల్ దొంగబండికి అతికించి అమ్ముతారు. కాబట్టి ఛాసిస్ నంబర్ ఉన్న చోట వెల్డింగ్ గీతలు, కొత్త పెయింట్, అక్షరాల లోతులో తేడా ఉంటే వెంటనే వెనుదిరగండి. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, అప్పు తీరిందని చెప్పే ఫారం 35 ఉండాలి. ఆ ప్రమాదంలో ఎవరికైనా గాయాలై కేసు నడుస్తుంటే, బండి కోర్టు పూచీ మీద విడుదలైందేమో కనుక్కోండి. కోర్టు షరతు ఉన్న బండిని అమ్మే హక్కు వాళ్లకు ఉండకపోవచ్చు. పక్క రాష్ట్రం బండి అయితే ఫారం 28 ఎన్‌ఓసీ, దానిమీద ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కూడా ఖర్చులో కలపండి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ కారు చూశాను. బంపర్‌కు చిన్న టచప్ తప్ప ఏమీ కాలేదని ఓనర్ అంటున్నాడు. నిజమో కాదో మెకానిక్ లేకుండా తెలుసుకోగలమా? – నిజామాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: చాలావరకు తెలుసుకోవచ్చమ్మా, గంట సమయం పెడితే చాలు. పగటి వెలుతురులో, బండి ఆరి ఉన్నప్పుడు చూడండి. తడి మీద పెయింట్ తేడాలు తెలియవు.

మొదట ఇన్సూరెన్స్ పాలసీ అడగండి. అందులో నో క్లెయిమ్ బోనస్ శాతం ఉంటుంది. క్లెయిమ్ లేని ఏడాదికి 20, ఆ పైన వరుసగా 25, 35, 45, 50 శాతం. ఐదేళ్ల బండికి సున్నానో 20 శాతమో ఉంటే ఈమధ్యే క్లెయిమ్ తీసుకున్నారేమో అడగాలి. కొత్త ఓనర్ పేరు మీదకు మారినా, పాలసీ ముగిశాక 90 రోజులు రెన్యువల్ చేయకపోయినా కూడా బోనస్ పోతుంది, అది వేరే. బోనస్ కాపాడే యాడ్-ఆన్ తీసుకున్న వాళ్లకు క్లెయిమ్ ఉన్నా శాతం తగ్గదు, కాబట్టి 50 ఉందని సంబరపడక్కర్లేదు. ఓనర్‌తోనే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఫోన్ చేయించి బాడీషాపు రికార్డు చదివించండి. ఫోన్ చేయడానికి నసిగితే ఆ నసుగుడే సమాధానం.

బోనెట్ ఎత్తి కీళ్ల దగ్గర బోల్టుల తలలు చూడండి. కంపెనీలో బోల్టులు బిగించాక రంగు వేస్తారు కాబట్టి స్పానర్ గీతలుండవు. రంగు రేగి ఉంటే బోనెట్ ఊడదీసినట్టే. అది ఒక్కటే అయితే నేరం కాదు, చిన్న దెబ్బకూ బోనెట్ మారుస్తారు. అసలు చూడాల్సినవి ఏప్రాన్లు. కంపెనీ స్పాట్ వెల్డింగులు వేలి గోరు కంటే చిన్న గుంటల్లా సమాన దూరంలో వరుసగా ఉంటాయి. షెడ్డు వెల్డింగ్ ఎత్తుపల్లాలుగా, దూరాలు సమానంగా లేకుండా ఉంటుంది, తరచూ దాన్ని కప్పడానికి పైన నల్లటి సీలెంట్ పూస్తారు. కంపెనీ సీలెంట్ గట్టిగా, సన్న గీతలా ఉంటుంది. గోటితో నొక్కితే మెత్తగా దిగిందంటే ఎవరో కొత్తగా పెట్టారు. రెండు హెడ్‌లైట్ల మీదా తయారీ తేదీలుంటాయి, ఒకటి 2019 ఇంకొకటి 2023 అయితే కథ ఉందన్నమాట. అద్దాల మీద కోడ్‌లు కూడా అలాగే పోల్చండి.

తలుపుల దగ్గర రబ్బరు బీడింగ్‌ను చేత్తో లాగితే వస్తుంది, తిరిగి నొక్కితే కూర్చుంటుంది. దాని కింద పిల్లర్ మీద స్పాట్ వెల్డింగ్ వరుస కనబడాలి. అక్కడ నునుపుగా పుట్టీ ఉంటే పిల్లర్‌కు దెబ్బ తగిలింది. పిల్లర్ చెదిరిన కారును ఎంత తక్కువకిచ్చినా కొనకండి. డిక్కీలో స్టెప్నీ తీసి నేల చూడండి. వెనక నుంచి గుద్దిన బండికి అక్కడే రేకు ముడతలు పడతాయి, వానకు నీళ్లూ నిలుస్తాయి.

పెయింట్ మందం కొలిచే మీటర్ అద్దెకు దొరికితే పని సులువు. కంపెనీ రంగు సాధారణంగా 90 నుంచి 150 మైక్రాన్లు (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్). 200 నుంచి 300 వస్తే మళ్లీ రంగు వేశారు. 500 దాటితే కింద పుట్టీ ఉంది, వెయ్యి దాటితే పుట్టీతోనే ఆకారం కట్టారు. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మీటర్ పనిచేయదు, అక్కడ రీడింగ్ రాలేదని కంగారు పడకండి. మీటర్ లేకపోతే పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతం అన్ని ప్యానెళ్ల మీదా పెట్టి చూడండి, పుట్టీ దళసరిగా ఉన్నచోట జారిపోతుంది.

చివరగా నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించి ప్రింటవుట్ తీసుకోండి. ముందు రెండు చక్రాల క్యాంబర్‌లో (చక్రం లోపలికీ బయటికీ వాలే కోణం), క్యాస్టర్‌లో (స్టీరింగ్ ఇరుసు ముందుకూ వెనక్కీ వాలే కోణం) కుడికీ ఎడమకూ అర డిగ్రీకి మించి తేడా ఉండి సర్దినా తగ్గకపోతే వంగిందేదో లోపల ఉంది. రోడ్డు మీద నడిపినప్పుడు బండి కొంచెం ఎడమకు లాగితే తొందరపడి తప్పు పట్టొద్దు. మన రోడ్లు నీళ్లు పోవడానికి ఎడమకు వాలి ఉంటాయి. చదునైన చోటు కూడా వెతికి నడిపి చూడండి. బ్రేకు తొక్కినప్పుడు లాగితే మాత్రం అది రోడ్డు వాలు కాదు.

ప్రశ్న: ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న కారు కొన్నాను. బ్యాగులు వేయకుండానే డ్యాష్‌బోర్డ్ మీద లైటు ఆరిపోయేలా చేస్తామంటున్నాడు ఎలక్ట్రీషియన్. ఖర్చు పదో వంతే. తప్పా? – కర్నూలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: తప్పే. బ్యాగు ఉండాల్సిన చోట చిన్న రెసిస్టర్ పెట్టి కంట్రోల్ యూనిట్‌ను మోసం చేస్తారు. లైటు ఆరుతుంది, మూత కింద మాత్రం ఏమీ ఉండదు. బెల్టుల సంగతి ఇంకా ముఖ్యం. బ్యాగు తెరుచుకున్నప్పుడు ముందు సీట్ల బెల్టులను బిగించే ప్రీటెన్షనర్ లోపలి చిన్న మందు కూడా పేలిపోతుంది. అది ఒక్కసారే పనిచేస్తుంది. దాన్ని మార్చకపోతే బెల్టు వదులైపోవచ్చు, లేదా సగంలోనే బిగిసిపోయి ఉండొచ్చు. బ్యాగు, బెల్టు, ఏది తెరుచుకుంటే అది కొత్తది పెట్టాలి. కంట్రోల్ యూనిట్ ప్రమాదం వివరాలను తనలో దాచుకుని తాళం వేసుకుంటుంది, దాన్ని తుడిచి వాడడం కన్నా కొత్తది వేయడమే మంచిది. స్క్రాప్ యార్డులో దొరికే బ్యాగులు వద్దు, అవి వరద నీళ్లలో నానాయో లేదో ఎవరూ చెప్పలేరు.

సెకండ్ హ్యాండ్ కొనేవారు చూసుకోవాల్సింది: తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఐదారు సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు తీసేశారు. ఆయిల్ లైటుతో పాటే కలిసి వెలిగి కలిసి ఆరితే వైరు దానికి కలిపారు. ప్యాసింజర్ వైపు డ్యాష్‌బోర్డ్ మీద అతుకు, తోలు తొడుగు, రంగు తేడా ఉన్నాయేమో వేలు పెట్టి తడమండి.

ప్రశ్న: రెండున్నరేళ్ల మా కారు ప్రమాదంలో దెబ్బతింది. సర్వీస్ సెంటర్ 4.60 లక్షల ఎస్టిమేట్ ఇచ్చింది. సర్వేయర్ టోటల్ లాస్ అంటున్నాడు. బయట షెడ్డులో 2.60 లక్షలకు చేస్తామంటున్నారు. కొనేవాడొకడు బండి ఉన్నదున్నట్టు ఇచ్చెయ్యమంటున్నాడు. ఏం చేయాలి? – గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు లెక్క. మీ మోడల్ ఇప్పటి కొత్త ధర 8 లక్షలనుకుంటే, రెండు నుంచి మూడేళ్ల బండికి తరుగు 30 శాతం. అంటే ఐడీవీ, పాలసీలో బండికి కట్టిన విలువ, 5.60 లక్షలు. పాలసీలో రాసిన అంకెనే తీసుకోండి, ఇది ఉదాహరణ. రికవరీ, రిపేరు ఖర్చు కలిపి ఐడీవీలో 75 శాతం దాటితే టోటల్ లాస్. 5.60లో 75 శాతం 4.20, ఎస్టిమేట్ 4.60, కాబట్టి సర్వేయర్ చెప్పింది సరే. షెడ్డు 2.60 అనడానికి కారణం, కంపెనీ కొత్త సామాను రాసిన చోట వాళ్లు పాతది సాగదీసో, స్క్రాప్ నుంచి తెచ్చో పెడతారు.

టోటల్ లాస్‌లో విడిభాగాల తరుగు కోయరు. 1500 సీసీ లోపు కారుకు తప్పనిసరి కోత వెయ్యి రూపాయలు, ఆ పైన రెండు వేలు, మీరు అదనంగా ఒప్పుకున్నది ఉంటే అది వేరు. బ్యాంకు అప్పుంటే ముందు వాళ్ల బాకీ తీరుతుంది. బండిని ఇన్సూరెన్స్ కంపెనీకి అప్పగిస్తే దాదాపు ఐడీవీ అంతా వస్తుంది. బండి మీరే ఉంచుకుంటే దాని తుక్కు ధర తగ్గించి ఇస్తారు. సాధారణంగా దెబ్బతిన్న బండిని వేలం వేస్తారు, పాడినవాడు ఆ తుక్కు ధరను మీకు నేరుగా కడతాడు, మిగతాది ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది. ఈ పద్ధతిలో బండి, కాగితాలు ముక్కూమొహం తెలియనివాడి చేతికి వెళ్తాయి, ఆర్‌సీ మాత్రం మీ పేరుమీదే ఉండిపోతుంది. రేపు ఆ బండి ఎవరినైనా గుద్దితే నోటీసు మీకే. కాగితాల్లో పేరున్నవాడే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు కూడా తేల్చింది.

అందుకని సంతకం చేసిన ఖాళీ ఫారాలు ఇవ్వకండి. కొనేవాడి గుర్తింపు కార్డు నకలు, తేదీ, సమయం రాసిన డెలివరీ నోట్ తీసుకోండి. పేరు మార్పు ఫారాలైన 29, 30 నింపి 14 రోజుల్లో ఆర్‌టీఏకి మీరే తెలపండి. కొనేది అధీకృత డీలరైతే 2023 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధన ప్రకారం ఫారం 29సీ ద్వారా బండి అతని స్వాధీనంలోకి వెళ్లినట్టు నమోదు చేయించండి, అప్పట్నుంచి బాధ్యత అతనిది. బండి మళ్లీ నడిచే స్థితిలో లేదనిపిస్తే ఆర్‌సీ రద్దు చేయించి, ఆ కాగితం చేతికొచ్చాకే తుక్కు ఇవ్వడం నయం. పాడినవాడు రద్దు చేయించొద్దని పట్టుబడితే అతనికి కావాల్సింది ఇనుము కాదని అర్థం చేసుకోండి.

ప్రశ్న: 2024 బుడమేరు వరదలో మునిగిన కారు బాగుచేశామంటూ తక్కువకు ఇస్తున్నారు. గుద్దిన బండి కన్నా నయమేనా? – ఏలూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: చాలాసార్లు అంతకన్నా అన్యాయం. గుద్దిన దెబ్బ ఒకచోట ఉంటుంది, వరద నీరు వైర్లన్నింట్లోకీ పోతుంది. నీళ్లు సీటు అడుగుదాకా వస్తే వద్దని చెప్పండి. కార్పెట్ వరకే అన్నా ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్ చాలా కార్లలో గేర్ లివర్ దగ్గర, నేలకు కాస్త పైనే ఉంటుంది, దాని కనెక్టర్లు విప్పించి చూడండి. పచ్చటి తుప్పుంటే తొలగండి. సీట్ బెల్టును చివరంటా లాగితే తడిసిన చోట బురద గీత కనబడుతుంది, దాన్ని కడగడం చాలామంది మరిచిపోతారు. సీటు పట్టాల బోల్టులు, స్టెప్నీ గుంట కూడా చూడండి. నీళ్లలో ఇంజన్ స్టార్ట్ చేసి ఉంటే పిస్టన్లను తోసే కనెక్టింగ్ రాడ్లు వంగొచ్చు. సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్టులో ఒక సిలిండర్ తక్కువ చూపితే అదే కారణం కావొచ్చు.

ప్రశ్న: రిపేరుకు స్క్రాప్ సామాను వాడొచ్చా? విజయవాడ ఆటోనగర్‌లో సగం ధరకే దొరుకుతోంది. – గుడివాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: వాడొచ్చు, ఏది అన్నదాన్ని బట్టి. తలుపులు, బోనెట్, డిక్కీ మూత, ఫెండర్లు, సీట్లు, హెడ్‌లైట్లు, మీటర్ బోర్డు పాతవైనా ఇబ్బంది లేదు. అదే రంగు తలుపు దొరికితే పెయింటింగ్ కూడా మిగులుతుంది, పుట్టీ లేనిది చూసుకోండి. స్టీరింగ్ ర్యాక్, లోయర్ ఆర్ములు, బ్రేకు సామాను, బెల్టులు, ఎయిర్‌బ్యాగులు కొత్తవే తీసుకోండి. రేడియేటర్, కండెన్సర్ పాతవి తెచ్చేవాళ్లుంటారు, వాటి సన్నగొట్టాల్లో తుప్పు, చిన్న కన్నాలు పైకి తెలియవు, ఏసీ గ్యాస్ రెండుసార్లు ఎక్కించే ఖర్చుతో కొత్తదే వస్తుంది. ఏ సామాను కొన్నా బిల్లు మీద ఏ బండి నుంచి తీసిందో రాయించుకోండి, దొంగసొత్తు అయితే పోలీసులు మీ గుమ్మం దాకా వస్తారు.